టీచరమ్మకు శాలువా సరే, పిల్లలకు గది ఏదీ?



ఉగాది సభకు అమెరికా నుంచి వచ్చే తెలుగు టీచరమ్మకు సన్మానం చెయ్యాలని కమిటీ తీర్మానించింది. మంచి పనే, మేము అడ్డు చెప్పడం లేదు. కాని మేము నలుగురం రిటైరైనవాళ్ళం రెండేళ్ళుగా అడుగుతున్నది ఒకటి వుంది. సంఘం భవనంలో స్టోర్ రూం పక్కనున్న చిన్న గది ఆదివారం పది నుంచి పన్నెండు దాకా పిల్లలకు తెలుగు చెప్పడానికి ఇమ్మని. ఇంతవరకు జవాబు లేదు. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట. ఈ సామెత ఎవరికి తగులుతుందో మీరే ఆలోచించండి.

అసలు ఆ టీచరమ్మలు అక్కడ చేసే పనేమిటో తెలిస్తే మన మాట ఇంకోలా వుంటుంది. మాలో ఒకరు కూతురింట్లో అయిదు నెలలు వుండి చూసి వచ్చారు. ఆ అమ్మాయి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకు పోతుంది. సాయంత్రం వంట చేస్తూనే, పిల్లలు ఫోన్లో చదివి పంపిన పాఠాలు వింటుంది. 'ళ' పలకాల్సిన చోట 'ల' పలికితే మళ్ళీ చదివి పంపమంటుంది. శుక్రవారం రాత్రి గుణింతాల కాగితాలు ప్రింటు తీస్తుంది. ఆదివారం పొద్దున మార్కర్లు, కాగితాలు సంచిలో వేసుకుని అద్దె గదికి వెళ్తుంది. పిల్లలు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్తారు. విసుక్కోకుండా మళ్ళీ తెలుగులోనే అడుగుతుంది. గది తమది కాదు కాబట్టి, క్లాసు అయ్యాక బోర్డు తుడిచి, కుర్చీలు ఎక్కడివక్కడ సర్ది, ఆఖరి పిల్లను వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళేదాకా నిలబడుతుంది. మంచు పడితే ఆ క్లాసు కంప్యూటర్లో జరుగుతుంది. చేతికి జీతం రాదు. వేసవి సెలవుల్లో పిల్లలు సగం మరిచిపోయి వస్తారు, మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. వాళ్ళు చేసేది ఇదే. ఇందులో మన వల్ల కాని పని ఒక్కటి చూపించండి.

2007లో కాలిఫోర్నియా కేంద్రంగా సిలికానాంధ్ర మనబడి మొదలైంది. ఈ రకం స్వచ్ఛంద టీచర్లతోనే అది పెరిగింది. హైదరాబాదులోని అప్పటి పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయంతో మాట్లాడి పరీక్షలు, సర్టిఫికెట్లు కూడా ఏర్పాటు చేసుకున్నారు. మొన్న మొన్న సముద్రం దాటినవాళ్ళు అంత చేశారు. మనం ఈ గడ్డ మీదికి వచ్చి నాలుగైదు వందల ఏళ్ళయింది. స్టేజీ ఎక్కితే తిరుమల నాయకుడి పేరు, త్యాగయ్య పేరు చెప్పకుండా దిగం. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించినవాళ్ళు 42 లక్షల పైచిలుకు, అంటే నూటికి దాదాపు ఆరుగురు. వాళ్ళ పిల్లల్లో తెలుగు బస్సు బోర్డు చదవగలవాళ్ళు ఎందరు? మీ ఇంట్లోనే అడిగి చూడండి.

కమిటీలో విన్న సాకులు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, ఆదివారం హాలుకు అద్దె వస్తుంది, సీమంతాలు, చెవులు కుట్టే ఫంక్షన్లు వుంటాయని. మేము హాలు అడగలేదు. విరిగిన కుర్చీలు పెట్టిన గది అడిగాం. దానికి ఏ ఆదివారమూ ఒక్క రూపాయి అద్దె రాలేదు.

రెండోది, తెలుగు చదివితే మార్కులు రావని. అమెరికాలో పెద్ద పిల్లలకు కొన్నిచోట్ల స్కూల్లో క్రెడిట్ దొరుకుతుంది, నిజమే. కాని అయిదేళ్ళ పిల్లకు అ ఆ నేర్పితే ఏ మార్కు వస్తుంది? అయినా నేర్పుతున్నారు. నాయనమ్మ రాసిన ఉత్తరం ఆ పిల్ల చదవాలని నేర్పుతున్నారు.

మూడోది, సర్కారు చట్టం. 2006 చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి అయింది, ఒకటో తరగతిలో మొదలై 2015-16కి పదో తరగతి దాకా వచ్చింది. తెలుగు బళ్ళకు దాని దెబ్బ తగిలింది, కాదనం. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్తోంది. దానికోసం అర్జీలు పెట్టాల్సిందే. కాని ఆదివారం మన గదిలో మన పిల్లలకు మన అక్షరాలు చెప్పొద్దని ఏ చట్టంలోనూ లేదు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష. మేము చదివింది తమిళంలోనే, దాని మీద మాకు కోపం లేదు. తాళం వేసింది మన చెయ్యి, నింద సర్కారు మీదికి నెట్టకండి.

నాలుగోది, చెప్పేవాళ్ళు లేరని. మేము నలుగురం వున్నాం. తమిళ బడిలో చదివి, పెద్దయ్యాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నవాళ్ళం. అందుకే మన పిల్ల ఎక్కడ తడబడుతుందో మాకు తెలుసు. తమిళ లిపిలో రాస్తే 'గాలి', 'కాలి' రెండూ ఒకటే. 'బాట', 'పాట' రెండూ ఒకటే. క, గ వేరు వేరు అక్షరాలని ముందు చెవికి నేర్పి, తర్వాత చేతికి నేర్పాలి. అక్కడి పుస్తకం యథాతథంగా తెస్తే ఇక్కడ సరిపోదు. అక్కడి పిల్లకు అక్షరం వస్తుంది, మాట తడబడుతుంది. మన పిల్లకు ఇంట్లో మాట వుంది, అక్షరం లేదు. అంటే మన పని వాళ్ళకంటే సులువు. మాట నేర్పడం కష్టం, అక్షరం నేర్పడానికి ఏడాది చాలు. కాని ఆ మాట కూడా ఇంక ఎన్నాళ్ళు వుంటుంది? మనవళ్ళు అవ్వతో తెలుగు, అమ్మతో తమిళం మాట్లాడుతున్నారు. అవ్వలు పోతే మాటా పోతుంది. అప్పుడు ఆ పిల్లలకు అమెరికా పిల్లల కష్టమే వస్తుంది, అమెరికా టీచరమ్మలు మాత్రం వుండరు.

ఉగాది సభలో ఆమెకు శాలువా కప్పండి, తాంబూలం ఇవ్వండి. ఆమె మైకు పట్టుకుని "ఇక్కడ మీ పిల్లలకు తెలుగు ఎక్కడ నేర్పుతున్నారు?" అని అడిగితే అధ్యక్షులవారు ఏం చెప్తారు? ఆ జవాబు ముందుగా సిద్ధం చేసుకోవాలి.

మేము అడిగేది ఇంతే. గది తాళం, ఒక బోర్డు, పన్నెండు పలకలు. హాజరు రిజిస్టరు మేము రాస్తాం, లెక్క మేము చెప్తాం. ఏడాదికి పిల్లలు రాకపోతే తాళం తిరిగి ఇచ్చేస్తాం. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని అర్జీ రాశాం. చేర్చాలంటే సభ్యుల సంతకాలు కావాలి. పిల్ల పేరు, వయసు రాసి సంతకం పెట్టండి. పిల్లలు లేనివాళ్ళు కూడా పెట్టవచ్చు.