విజయవాడ బస్సెక్కించే ముందు

పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రానికే మన చెన్నై తెలుగు ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. రాష్ట్ర ర్యాంకులు ప్రకటించడం తమిళనాడు ప్రభుత్వం 2017లోనే మానేసింది, మనం మానలేదు. తమిళం పేపర్లో మార్కులు తగ్గితే, అది మన పిల్లలు బడిలో నేర్చుకున్న భాష అని మనకే గుర్తుండదు.

ఆ కోపంలోనే ఇంటర్‌కి విజయవాడ హాస్టలు మాట వస్తుంది. ముందు లెక్క చూసుకుందాం. ఎనిమిది నుంచి ప్లస్ టూ దాకా ఇక్కడే చదివితే తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో నేటివిటీ సర్టిఫికెట్ అడగరు. బయట చదివితే తెచ్చుకోవాలి. పోనీ, ఆంధ్రాలో లోకల్ అవుతారా? చదువును బట్టి లోకల్ కావాలంటే వరుసగా నాలుగేళ్లు అక్కడ చదవాలి. రెండేళ్ల ఇంటర్ చాలదు. పైగా ఇక్కడ ఇంజనీరింగ్‌కి ప్రవేశపరీక్షే లేదు. ప్లస్ టూ లెక్కలకు 100, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 50, మొత్తం 200కే కటాఫ్. మరి ఆ హాస్టలు ఎవరి కోసం?

లెక్కలు లేని గ్రూపు తీసుకుంటే ఇంజనీరింగ్ దారి దాదాపు మూసుకుంటుందని అమ్మాయికి చెబుదాం. విన్నాక కూడా కామర్సే అంటే, చేర్పిద్దాం.

టీచర్లు ఈ సంగతులు ఒక సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి తెలుగులో చెబితే బాగుంటుంది. తప్పినవారికి సప్లిమెంటరీ ఆ ఏడాదే ఉంటుంది, దరఖాస్తు గడువు దాటనివ్వొద్దు. పిల్లలు తిండి మానేసి తలుపు వేసుకుంటే మార్కుల ఊసెత్తకుండా పక్కన కూర్చుందాం. అవసరమైతే 14416కి ఫోన్ చేయొచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.