కోత చిన్నదైనా కంచం మారక తప్పదు

రేపల్లెలో మా బాబాయిగారికి ముద్ద దిగడం లేదంటే మూడు నెలలపాటు శొంఠి, మిరియాల కషాయాలతో సరిపుచ్చిన తప్పు మా కుటుంబానిదే. గుంటూరు వెళ్లే దారిలో తెనాలిలో మా ఇంట దిగేనాటికి అది అన్నవాహిక క్యాన్సరని తేలినది. "చిన్న రంధ్రాల పద్ధతి అయితే మామూలు మనిషి అవుతాడు గదా?" అని బాపట్ల మేనత్తగారి ఆశ.

ఆ ఆశ నిరాధారమైనది కాదు. 2012లో 'లాన్సెట్' పత్రిక ప్రకటించిన ఐరోపా పరిశోధనలో 115 మంది రోగులను పరిశీలించగా, మొదటి రెండు వారాలలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ పెద్ద కోత పడినవారిలో నూటికి 29 మందికి, రంధ్రాల పద్ధతిలో 9 మందికి మాత్రమే కలిగినది. ఏడాది గడిచిన తరువాత కూడా వీరికి నొప్పి తక్కువ, దైనందిన జీవనం కొంత మెరుగు.

బాబాయిగారికి రంధ్రాల పద్ధతిలోనే జరిగినది. అయితే లోపల చేసే పని రెండింటా ఒకటే: అన్నవాహికను తీసివేసి, సాధారణంగా జీర్ణకోశాన్నే గొట్టంలా మలచి పైకి లాగి అతుకుతారు. అన్నం నిలువ ఉండే సంచి పోయినట్లే! కావున కొద్దికొద్దిగా రోజుకు ఆరుమార్లు తినాలి. తిన్న వెంటనే పడుకోరాదు. నిద్రలో తలవైపు ఎత్తుగా ఉండాలి. పిన్నిగారు ప్రేమతో పెట్టిన పరమాన్నం తిన్న అరగంటకే ఆయనకు చెమటలు, గుండెదడ. తీపి ఒక్కమారుగా పేగులలోకి జారడమే దానికి కారణం.

మన వైద్యం చెప్పిన లఘ్వాహారం, మితాహారం ఇక్కడే అక్కరకు వస్తాయి, కణితిని కరిగించడానికి కాదు. కోత సంగతి చేయి తిరిగిన సర్జనుకు వదలి, ఇల్లాలు ముందుగా భోజనం సంగతి అడగాలని నా అభిప్రాయం. మేమైతే పండుగ బంతిలో ఆయనకు మారు వడ్డించడం ఇంకా మానలేకున్నాము.