సిగ్నల్ షాపు ముందు కాదు, బావి కాడ చూడండి

ఏ కంపెనీ సిమ్ తీసుకోవాలన్నది ఇప్పుడు మాట్లాడుకునే సౌకర్యానికే పరిమితమైన విషయం కాదు. పీఎం కిసాన్ ఈ-కేవైసీని ఓటీపీతో చేసుకోవాలంటే ఆధార్‌కు లింకైన నంబరుకు ఆ ఓటీపీ రావాలి. 2025 పత్తి సీజన్ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. ధాన్యం డబ్బులు ఖాతాలో పడ్డాయో లేదో తెలిసేది కూడా మెసేజ్‌తోనే. సిగ్నల్ లేకపోతే ఇప్పుడు పంట అమ్మకమే ఆగుతుంది.

కంపెనీ మార్చాలన్న ఆలోచన చాలామందికి 2024 జులైలో మొదలైంది. ఆ నెలలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ రేట్లు పెంచాయి. ఎయిర్‌టెల్‌లో 28 రోజుల 179 రూపాయల ప్లాన్ 199 అయింది. బీఎస్ఎన్ఎల్ అప్పుడు పెంచలేదు. 2025 సెప్టెంబర్ 27న దేశవ్యాప్తంగా దాని స్వదేశీ 4జీ సేవలు ప్రారంభమయ్యాయి. దాంతో తక్కువ ఖర్చు చూసి అటు వెళ్దామా అని అడిగేవారు పెరిగారు. రేటు చూడడం తప్పు కాదు. కానీ ముందు సిగ్నల్ చూసి, తర్వాత రేటు చూడండి.

ఊరికీ చేనుకూ తేడా ఎందుకు?

సుల్తానాబాద్ రాజీవ్ రహదారి మీద ఉంది. బస్టాండ్ దగ్గర, రైస్ మిల్లుల దగ్గర ఫోన్ బాగా పనిచేసిందని మానేరు ఒడ్డు పొలంలోనూ, కాలువ చివరి మడిలోనూ అలాగే పనిచేస్తుందనుకోవద్దు. జనం ఎక్కువున్న చోటే టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది. 2300 వంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వేగం ఉన్నా అంత దూరం రాదు. మీ పొలానికి ఏది అందుతుందో ప్రకటన చూసి చెప్పలేం.

ఫోన్‌కు సిమ్ సరిపోతుందా?

జియోకు 2జీ లేదు. పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో ఆ సిమ్ పనిచేయదు, 4జీ ఫోన్ ఉండాలి. బోరు మోటారుకు పెట్టుకున్న మొబైల్ స్టార్టర్ 2జీదైతే దానికీ ఇదే లెక్క. స్టార్టర్ ఏ నెట్‌వర్క్‌దో అమ్మినవారిని అడిగాకే సిమ్ వేయండి. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. కొన్ని పాత 4జీ ఫోన్లు 700ను అందుకోలేవు. అందుకే మరొకరి ఫోన్‌లో వచ్చిన సిగ్నల్ మీ ఫోన్‌లో రాకపోవచ్చు.

మూడు చోట్ల, మూడు వేళల్లో చూడండి

పక్కింటివారి సిమ్‌ను ఒక రోజు అడిగి మీ ఫోన్‌లో వేసుకోండి. ఇంట్లో, మోటారు దగ్గర, వడ్లు ఆరబోసే కల్లంలో చూడండి. పొద్దుగాల ఒకసారి, రాత్రి 8 గంటలప్పుడు ఒకసారి, కరెంటు పోయిన అరగంటకు ఒకసారి చూడండి. బ్యాటరీ సరిగా లేని టవర్ కరెంటుతోపాటే ఆగిపోతుంది. గీతలు లెక్కపెట్టి సరిపెట్టుకోవద్దు. ఇంటి నుంచి ఎవరితోనైనా మీకు ఫోన్ చేయించండి, మెసేజ్ పంపించమనండి. ట్రాయ్ నిబంధన ప్రకారం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాప్‌లు పెట్టాలి. పిల్లలతో వాటినీ చూపించుకోండి. అయితే చివరి మాట పొలందే.

కంపెనీ మార్చండి, నంబరు మార్చకండి

కొత్త నంబరు తీసుకుని పాతది వదిలేస్తే ఆధార్, బ్యాంకు, పీఎం కిసాన్ అన్నింటిలో మళ్లీ మార్పించాలి. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ కొన్నాళ్లకు రద్దు చేసి వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు వారికి వెళ్తాయి. అందుకే పాత నంబరుతోనే మారండి. PORT అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కు మెసేజ్ చేయండి. వచ్చే కోడ్‌కు నాలుగు రోజుల గడువుంటుంది. ఆ కోడ్, ఆధార్‌తో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లండి. తెలంగాణ, ఆంధ్ర రెండూ ఒకే సర్కిల్ కాబట్టి మామూలుగా మూడు పనిదినాల్లో పూర్తవుతుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి. సిమ్ పోయి కొత్తది తీసుకుంటే ఏడు రోజుల వరకు కోడ్ రాదు. మిగిలిన బ్యాలెన్స్ కొత్త కంపెనీకి రాదు, కాబట్టి రీచార్జ్ గడువు ముగిసేముందు మారండి. ఆ కోడ్‌ను ఫోన్ చేసి అడిగేవారికి చెప్పొద్దు.

కోతలప్పుడు, అమ్మకాలప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. మారే వేళ కొన్ని గంటలు ఫోన్ పనిచేయదు.

ఖర్చు తగ్గించుకోవాలంటే

నెట్ వాడని పెద్దలకు మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. దుకాణంలో అడిగి తీసుకోండి. రెండు సిమ్‌ల ఫోన్ ఉంటే బ్యాంకుకు లింకైన సిమ్ ఒకటి, పొలంలో సిగ్నల్ వచ్చే సిమ్ ఒకటి పెట్టుకోవచ్చు. కానీ బ్యాంకు సిమ్ గడువు తీరనివ్వొద్దు. తీరితే కొన్నాళ్లకు వచ్చే ఫోన్లు, మెసేజ్‌లు కూడా ఆగుతాయి.

ఊరంతా సిగ్నల్ సమస్య ఉంటే ఒక్కరు తిట్టుకుంటే పోదు. నలుగురైదుగురు కలిసి 198కి ఫోన్ చేసి, ఎవరికి వారు ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. విత్తనం కొనేముందు మొలక పరీక్ష చేసినట్టే, సిమ్ మార్చేముందు పొలంలో ఒక పరీక్ష చేయండి.