కవిత రాసే బిడ్డను కసురుకోకండి

ఒక శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఒక తండ్రి నా దగ్గరకు వచ్చారు. చేతిలో రెండు వందల పేజీల నోటుబుక్కు. "మౌల్వీ సాబ్, మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. చదువు పక్కనబెట్టి ఇవి రాస్తూ కూర్చుంటోంది. ఖుర్‌ఆన్‌లో కవుల గురించి ఏముందో మీరే దానికి చెప్పండి" అన్నారు. నోటుబుక్కు తెరిచి చూశాను. అన్నీ తెలుగు కవితలు. అన్నీ గొప్పవని చెప్పను. నాలుగైదు మాత్రం నన్ను రెండోసారి చదివించాయి. ఒకదానిలో ఉర్దూ చదవడం రాని మనవరాలు, చనిపోయిన నానమ్మ ఉత్తరాలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ముందు ఆ తండ్రి ప్రశ్నకు జవాబు చెబుతాను. దివ్య ఖుర్‌ఆన్‌లో 26వ సూరా పేరే 'అష్షుఅరా', అంటే కవులు. చెప్పేదొకటి చేసేదొకటిగా దారితప్పి తిరిగే కవులను ఆ సూరా చివర అల్లాహ్ నిందించిన మాట నిజం. కాని ఆ వెంటనే మినహాయింపు కూడా ఉంది. విశ్వాసులై, మంచి పనులు చేస్తూ, దైవాన్ని స్మరిస్తూ, తమకు అన్యాయం జరిగినప్పుడు బదులు చెప్పే కవులకు ఆ నింద వర్తించదు. మనలో చాలామంది నింద దగ్గరే ఆగిపోతారు, మినహాయింపు దాకా వెళ్ళరు. మహాప్రవక్త (స) తమ మస్జిదులో హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కవిత్వం చెప్పడానికి మింబర్ వేయించారని హదీసు గ్రంథాల్లో ఉంది. కవిత్వం నిషిద్ధమే అయితే ఆ మింబర్ ఎందుకు?

ఇక రెండో మాట. కవి ఒంటరిగా ఎదగడు. 1901 ఏప్రిల్‌లో షేఖ్ అబ్దుల్ ఖాదిర్ లాహోరులో 'మఖ్‌జన్' అనే ఉర్దూ పత్రికను ప్రారంభించారు. మొదటి సంచికలోనే 23 ఏళ్ళ ఇక్బాల్ రాసిన 'హిమాలా' అచ్చయింది. కొన్నేళ్ళ తర్వాత ఇంగ్లండులో ఉండగా ఇక్బాల్ కవిత్వం మానేయాలనుకున్నారు. ఆ సమయాన్ని మరేదైనా పనికొచ్చే పనికి వెచ్చించవచ్చన్నది ఆయన ఆలోచన. అబ్దుల్ ఖాదిర్ ఒప్పుకోలేదు. చివరకు తీర్పును ఇద్దరూ ఆచార్య ఆర్నాల్డ్‌కు వదిలారు. మానవద్దని ఆర్నాల్డ్ చెప్పారు. 1924లో వెలువడిన 'బాంగె దరా' ముందుమాటలో అబ్దుల్ ఖాదిరే ఈ సంగతి రాశారు. ఒక సంపాదకుడు, ఒక అధ్యాపకుడు ఆ రోజు పట్టించుకోకపోయి ఉంటే మనకు ఇక్బాల్ ఎంత మిగిలేవారో ఆలోచించండి.

మరి ఆ సంపాదకుణ్ణి నిలబెట్టేదెవరు? పాఠకులే. 1912లో హారియట్ మన్రో అనే మహిళ అమెరికాలోని షికాగోలో 'పోయెట్రీ' పత్రికను మొదలుపెట్టారు. దానికి ముందు ఆమె ఊరి పెద్దల ఇళ్ళకు, ఆఫీసులకు తిరిగారు. ఏడాదికి 50 డాలర్ల చొప్పున ఐదేళ్ళు ఇచ్చే వందమందిని కూడగట్టారు. అంతవరకు పెద్దగా ఎవరికీ తెలియని ఎలియట్ కవిత 1915లో ఆ పత్రికలో వచ్చింది. ఆ పత్రిక నేటికీ నడుస్తోంది. మన దగ్గర షంసుర్రహ్మాన్ ఫారూఖీ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే 1966లో అలహాబాదు నుంచి 'షబ్‌ఖూన్' ప్రారంభించారు. ఎందరో కొత్త ఉర్దూ కవులకు చోటిచ్చిన ఆ పత్రిక దాదాపు 40 ఏళ్ళు నడిచి 2005లో ఆగిపోయింది. అరబ్బు రచయితలను ఇంగ్లీషులో పరిచయం చేయడానికి 1998లో లండన్‌లో పుట్టిన 'బానిపాల్' కూడా 75 సంచికల తర్వాత నిలిచిపోయింది.

ఇలాంటి పత్రికలు ఉంటే ఏమవుతుందో గాజాను చూస్తే తెలుస్తుంది. ముసఅబ్ అబూ తోహా 1992లో అక్కడి షాతీ శరణార్థుల శిబిరంలో పుట్టారు. ఆయన కవితలను 'పోయెట్రీ', 'బానిపాల్' వంటి పత్రికలు అచ్చువేశాయి. 2022లో తొలి సంపుటి వచ్చింది. 2023 నవంబరులో ఇజ్రాయెల్ సైనికులు ఆయన్ను నిర్బంధించినప్పుడు, విడిచిపెట్టాలని దేశదేశాల రచయితలు గొంతెత్తారు. ఆయన పేరు వారికి అప్పటికే తెలుసు గనుక అది సాధ్యమైంది. మరుసటి నెలలోనే గాజాలో సాహిత్యం బోధించే రిఫఅత్ అల్ అరీర్ బాంబు దాడిలో మరణించారు. విద్యార్థుల చేత రాయించడమే పనిగా పెట్టుకున్న ఉపాధ్యాయుడాయన. ఇన్నాలిల్లాహ్. అంత కష్టంలో ఉన్నవారే పిల్లల చేతికి కలం ఇస్తుంటే, క్షేమంగా ఉన్న మనం లాక్కోవడమా?

తెలుగులో మనకు దారి లేకపోలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. తెలుగు ముస్లిం తన బాధను తన నోటితో చెప్పుకోగలడని అవి చాటాయి. కాని ముషాయిరాలో వాహ్ వాహ్ అనే మనలో ఎంతమంది ఇంటికి ఒక సాహిత్య పత్రిక వస్తోంది? పెళ్ళి దావత్‌లో ఒక పూట బిర్యానీకి పెట్టే ఖర్చులో ఒక చిన్న భాగంతో ఏడాది చందా కట్టవచ్చు.

చదువు పాడవుతుందన్న తల్లిదండ్రుల భయం తప్పని నేననను. పరీక్షల రోజుల్లో నోటుబుక్కు పక్కనబెట్టమనండి. తప్పులుంటే దిద్దండి, అబద్ధం రాస్తే మందలించండి. రాయడమే పాపమని మాత్రం అనకండి. బడిలోని తెలుగు మాస్టారికి చూపించండి. బాగున్నది ఒకటి ఏరి పత్రికకు పంపించండి. తిరిగొస్తే ఓర్చుకోవడం నేర్పండి. ప్రతి మస్జిదు పక్కన ఒక చిన్న పఠనమందిరం, అందులో ఉర్దూ, తెలుగు పత్రికలు ఉండేలా కమిటీ పెద్దలు ఆలోచించాలి.

ఆ తండ్రికి నోటుబుక్కు తిరిగి ఇస్తూ, "భాయ్, ముందు మీరు ఒక్కసారి చదవండి" అన్నాను. ఆయన అప్పటివరకు ఒక్క పేజీ కూడా చదవలేదట.

మన పిల్లల కలాలకు సత్యం పలికే శక్తిని, మనకు వాటిని వినే ఓపికను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.