హద్దులు - స్వేచ్ఛ

1970లో నిక్లాస్ విర్త్ వెలువరించిన పాస్కల్ అనే కంప్యూటర్ భాషలో పది సంఖ్యల పట్టిక ఒక రకం, ఇరవై సంఖ్యల పట్టిక మరొక రకం. ఒకదానిని క్రమంలో అమర్చే ప్రోగ్రాము రెండవదానికి చెల్లదు. ఈ చాదస్తాన్ని 1981లో బ్రయన్ కెర్నిహాన్ ఆక్షేపించారు, అది న్యాయమే. యతి పాటించమనవచ్చు గాని, పద్యాలన్నీ ఒకే వృత్తంలో రాయమనరాదు కదా!

అయితే డెనిస్ రిచీ రూపొందించిన 'సి' భాష అసలు హద్దునే పట్టించుకోలేదు. పట్టిక నిండినదీ లేనిదీ చూసుకొనే భారం ప్రోగ్రామరుదే. 1988 నవంబరులో ఒక విద్యార్థి విడిచిన 'పురుగు' ప్రోగ్రాము, 512 అక్షరాల చోటులో అంతకు మించి కుక్కడం ఒక మార్గంగా, అమెరికాలో వేలాది యంత్రాలలో చొరబడింది. ఆ లోపాన్ని మిగిల్చినవారు ఒకరు, నష్టపోయినవారు వేరొకరు. ఇటువంటి స్వేచ్ఛను ప్రోగ్రామరు హక్కు అనడం పొరపాటు. లెక్క చూడకుండా అక్షరాలను లోనికి తీసుకొనే 'గెట్స్' అనే ఆదేశాన్ని 'సి' ప్రమాణం నుండి తొలగించడానికి మాత్రం 2011 వరకు పట్టింది.