సైకిలుపై విధులకు

సంపాదకీయ స్తంభంలో సైకిలు ప్రస్తావన చూచి పాఠక సోదరులలో కొందరు ఆశ్చర్యపడవచ్చు. వేతనాలు, కరువు భత్యం, ఖాళీల భర్తీ వంటి పెద్ద సమస్యలుండగా రెండు చక్రాల బండిని గూర్చి వ్రాయవలసిన అవసరమేమని అడుగవచ్చు. కాని ఇంటికీ కార్యాలయానికీ నడుమ గల దారి కూడా ఉద్యోగి దినచర్యలో భాగమే. ఆ దారిలో ఖర్చయ్యే కాలం, సొమ్ము, శక్తి ఏ హాజరు పట్టికలోనూ నమోదు కావు. అందుచేతనే ఆ దారిని గూర్చి మనలో మనం మాట్లాడుకొనవలసి ఉన్నది. ఇందుకు ఉదాహరణగా అండమాన్ దీవులలోని రంగత్‌ను ఎన్నుకొన్నాము.

రంగత్ మధ్య అండమాన్‌లోని చిన్న పట్టణం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ట్రంకు రోడ్డు మీదుగా దాదాపు 170 కిలోమీటర్లు. 1950 దశకంలో తూర్పు బెంగాల్ కాందిశీకులకు ఈ లోయలో భూములిచ్చి స్థిరపరచారు. చుట్టుపట్ల గ్రామాలకు పంచవటి, శబరి, దశరథ్‌పూర్, జనక్‌పూర్, పర్ణశాల అని రామాయణపు పేర్లున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుంచి వలస వచ్చిన కుటుంబాలు వీరిలో అనేకం. దీవులలో రైలు పట్టా లేదు. పశ్చిమ బెంగాల్ సర్కిల్ కింద పనిచేసే తపాలా శాఖ మాత్రం ఉన్నది. కనుక మా రైల్వే సోదరులు తమ శాఖ లేని ఊరి కథగా దీనిని భావించవద్దని మనవి. పట్టాలు లేని చోట ఉద్యోగి పనికి ఎలా చేరుకొంటాడన్న ప్రశ్న, పట్టాల వెంట బతికేవారికీ ఉపయోగపడుతుంది.

అక్కడ రాకపోకలకు ఆధారం ట్రంకు రోడ్డు, పడవల రేవు, బస్సు. బస్సు తప్పితే పూట తప్పినట్లే. పెట్రోలు, డీజిలు యావత్తూ ఓడలపై రావలసిందే. కాని ఉద్యోగులలో ఎక్కువమందికి నిత్యం అవసరమైన దూరం స్వల్పం. రంగత్ బజారు నుంచి అంకుంజ్ సముద్రతీరం 8 కిలోమీటర్లు. గంటకు 12 కిలోమీటర్ల నిదానపు వేగంతో తొక్కినా నలభై నిమిషాల ప్రయాణం. ఇంతకంటె తక్కువ దూరంలో నివసించే ఉద్యోగికి సైకిలు సరిపోతుంది. పోర్ట్ బ్లెయిర్ దాకా పోయే దారి సంగతి వేరు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు ఆ రోడ్డు జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. అక్కడ వాహనాలను బారులు తీర్చి కాపలాతో పంపుతారు. ఆ దారి సైకిలుకు తగినది కాదు. అక్కడ మనం ఏకాంతంగా తిరుగకపోవడమే ఆ ప్రజలకు మేలు.

కొత్తగా సైకిలుపై విధులకు పోదలచిన వారికి కొన్ని మాటలు చెప్పదలచాము. మొదట సెలవు దినాన ఒకసారి పూర్తి దారి తొక్కి చూడవలెను. ఎంత సమయం పట్టినదో గడియారం చూచి తెలుసుకొనవలెను. తొలి వారంలో రెండు రోజులు చాలు. శరీరం అలవాటు పడిన కొద్దీ దినాలు పెంచుకొనవచ్చు. మధ్య అండమాన్ నేల ఎగుడుదిగుడు. ఎత్తు వచ్చినప్పుడు దిగి నడిపించడంలో చిన్నతనం లేదు. దిగుడులో మాత్రం రెండు బ్రేకులూ పట్టవలెను. వానలో రబ్బరు బ్రేకు ఆలస్యంగా పనిచేస్తుందన్నది మరువరాదు.

ఆ దీవులలో వర్షం మే నెల నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలలోనూ కురుస్తుంది. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్లు. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. గొలుసుకు వారం వారం నూనె వేయనివాడు ఏడాది తిరుగకుండానే కొత్త గొలుసు కొనుక్కొనవలసి వస్తుంది. మడ్‌గార్డులు ఉండవలెను. ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి క్యారియరుకు కట్టుకొనవలెను. ఉత్తరాల సంచికైతే ఈ జాగ్రత్త రెండింతలు అవసరం.

అన్నింటికంటె ముఖ్యమైనది వెలుతురు. రంగత్ మన తూర్పు తీరానికి ఎంతో తూర్పున ఉన్నా గడియారం మాత్రం యావద్భారతానికీ ఒకటే. వేసవిలో అక్కడ ఉదయం ఐదు గంటల ప్రాంతంలోనే తెల్లవారుతుంది. నవంబరు నెలలో సాయంత్రం ఐదు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. కార్యాలయం మూసి బయటికి వచ్చేసరికి చీకటి. ముందు దీపం, వెనుక ఎర్ర దీపం లేకుండా ఆ రోడ్డు మీదికి పోవడం ప్రాణాలతో చెలగాటం. ఖర్చు తగ్గించుకొనదలచినవారు మరేదైనా తగ్గించుకొందురు గాక, దీపాన్ని తగ్గించుకొనరాదు.

ఇక హక్కుల విషయం. ఉద్యోగికి రెండు దారులున్నవి. ఒకటి ఇంటి నుంచి కార్యాలయానికి. రెండవది కార్యాలయం నుంచి బీటుకు. మొదటిదానికి రవాణా భత్యం ఉన్నది. ప్రభుత్వ వాహన సౌకర్యం పొందేవారిని మినహాయిస్తే, ఉద్యోగి బస్సుపై వచ్చాడా, సైకిలుపై వచ్చాడా అన్న ప్రశ్నతో దానికి సంబంధం లేదు. సైకిలు తొక్కి మిగుల్చుకొన్న సొమ్ము ఉద్యోగి సొంతం. రెండవదానికి సైకిలు భత్యం. ఏడవ వేతన సంఘం ఈ భత్యాన్ని రద్దు చేయవలెనని సిఫారసు చేసినది. తపాలా శాఖలోని పోస్టుమన్‌లకు, రైల్వేలలోని ట్రాక్‌మన్‌లకు అది పని సాధనమని గుర్తించి, 2017 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దానిని కొనసాగించి నెలకు 90 రూపాయల నుంచి 180 రూపాయలకు పెంచినది. 22,200 మందికి పైగా ఉద్యోగులకు ఇందువలన మేలు కలుగుతుందని ప్రభుత్వమే ప్రకటించినది. నూటయెనభై రూపాయలతో టైరు, ట్యూబు, పంచర్లు, నూనె అన్నీ గడుస్తాయా అన్నది ప్రతి పోస్టుమన్, ప్రతి ట్రాక్‌మన్ తన జేబులో చేయి పెట్టి చెప్పగలడు. సైకిలు కొనుక్కొనడానికి వడ్డీ లేకుండా ఇచ్చే అడ్వాన్సు మాత్రం 2016లోనే పోయినది. భత్యం నిలిచినది గాని బండి కొనే దారి మూసుకొన్నది.

ఈ రెండు దారులనూ ఒకటిగా కలిపివేసే ప్రమాదమున్నది. ఉద్యోగి స్వంత సైకిలుపై కార్యాలయానికి రావడం మొదలుపెట్టగానే, "బండి ఎలాగూ ఉన్నది కదా" అని బీటు పొడిగించడం, పక్క బీటు పని అప్పగించడం, అదనపు పనికి పంపడం తేలిక. ఇంటి నుంచి వచ్చే బండి ఉద్యోగి సౌకర్యార్థం. అది ఖాళీ పోస్టును పూరించే సాధనం కారాదు. సైకిలు భత్యపు నిబంధనలలో మరొక మెలిక ఉన్నది. సైకిలు చెడిపోయి ఒకేసారి పదిహేను రోజులకు మించి వాడుకలో లేకపోతే ఆ కాలానికి భత్యం రాదు. ఓడ వస్తేనే విడిభాగం దొరికే దీవిలో ఈ నిబంధన ఎవరికి నష్టమో వేరుగా చెప్పనవసరం లేదు.

"లోకమంతా మోటారు సైకిలు ఎక్కుతుంటే మీరు వెనుకకు నడిపిస్తున్నారు" అనే మిత్రులున్నారు. వారి మాటలో కొంత నిజం ఉన్నది. మోకాళ్ల నొప్పులవారికి, దూరాన నివసించేవారికి, రాత్రి డ్యూటీ వారికి సైకిలు చెప్పడం మా ఉద్దేశం కాదు. బస్సు సౌకర్యం పెంచవలెనన్న కోర్కెను సైకిలు పేరుతో ఎవరైనా దాటవేయజూస్తే మేము అంగీకరించము. కాని 2011 జనాభా లెక్కలలో సైకిలుపై పనికి పోయేవారు వ్యవసాయేతర శ్రామికులలో సుమారు రెండు కోట్ల అరవై లక్షల మంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది సరదాకు తొక్కేవారు కారు. వెనుకబాటు సైకిలులో లేదు. దానిని తొక్కేవానికి రోడ్డుపై చోటు ఇవ్వకపోవడంలో ఉన్నది. హాలెండు దేశంలో 1970 దశకంలో రోడ్డు ప్రమాదాలలో పిల్లలు చనిపోతుండగా ప్రజలు వీధులలోకి వచ్చి అడిగిన ఫలితంగానే సైకిలు బాటలు విస్తరించినవి.

మహిళా ఉద్యోగుల విషయం ప్రత్యేకం. 1990 దశకం తొలినాళ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. ఎవరినీ తోడు అడుగకుండా పనికి, బజారుకు పోగలిగారు. మా సోదరీమణులకు ఈ స్వేచ్ఛ దక్కవలెనంటే చీకటి పడకముందే డ్యూటీ ముగియవలెను, దారిలో దీపాలుండవలెను.

కనుక శాఖలన్నింటికీ మా సూచన ఇది. ప్రతి కార్యాలయంలో, ప్రతి స్టేషనులో వానకు తడవని సైకిలు షెడ్డు, గాలి కొట్టే పంపు, కాళ్లు చేతులు కడుక్కొనే కుళాయి, పొడి బట్టలు మార్చుకొనే చోటు అడుగండి. భత్యపు రేటు ఖర్చుకు తగినట్లు ఉండవలెననీ, అడ్వాన్సు పునరుద్ధరించవలెననీ, దీవులలో పదిహేను రోజుల నిబంధన సడలించవలెననీ తీర్మానాలు చేయండి. 1966 నుంచి అమలులో ఉన్న సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలో కార్యాలయ స్థాయి మండలి ఉన్నది. షెడ్డు, కుళాయి వంటివి అక్కడనే తేలవలసిన విషయాలు. చిన్నవని సిగ్గుపడి అడుగకపోతే అవి ఎన్నటికీ రావు.

రంగత్‌లోనైనా, రాజమండ్రిలోనైనా, రేపు ఉదయం తొలిసారిగా సైకిలు బయటికి తీసే సోదరుడు టైర్లలో గాలి చూచుకొనవలెను, బ్రేకు పట్టి చూడవలెను, దీపం వెలిగించి చూడవలెను. కార్యాలయం చేరిన తరువాత బండిని ఎండలో నిలుపవలసి వచ్చిందో, నీడలో నిలిపినాడో గమనించి, ఎండలోనైతే ఆ సాయంత్రమే తన శాఖ కార్యదర్శికి ఆ సంగతి తెలియజేయవలెను.