ఏ పాట పాడాలి?

జనవరి, ఫిబ్రవరి నెలలు వచ్చాయంటే జూనియర్ కళాశాలల్లో వార్షికోత్సవాల సందడి మొదలవుతుంది. పరీక్షలు దగ్గరపడుతుంటాయి కనుక సాధనకు దొరికే సమయం స్వల్పం. కామారెడ్డిలో గాని, ఎల్లారెడ్డిలో గాని నలుగురైదుగురు విద్యార్థులు కలసి ఒక సంగీత బృందంగా ఏర్పడితే వారి ముందు నిలిచే మొదటి ప్రశ్న ఒక్కటే: వేదిక మీద ఏ పాట పాడాలి? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని ఎన్నో స్నేహాలు దీని దగ్గరే చెడుతుంటాయి.

ఈ మధ్యకాలంలో ఆ పాటల పట్టికలోకి ఒక కొత్త అతిథి వచ్చింది. అది జపాన్ దేశపు యానిమే పాట. జపాన్‌లో తయారయ్యే బొమ్మల చిత్రాలను, ధారావాహికలను యానిమే అంటారు. ఒకప్పుడు టెలివిజన్‌లో బాలల కార్యక్రమాలుగా పరిచయమైన ఈ కథలు సెల్‌ఫోన్ పుణ్యమా అని నేడు పల్లెలకూ చేరాయి. ‘డీమన్ స్లేయర్’ వరుసలోని ‘ఇన్ఫినిటీ క్యాసిల్’ చిత్రం 2025 సెప్టెంబరులో తెలుగు మాటలతోనే థియేటర్లలో విడుదలైంది. ఆ ధారావాహికకు 2019లో లీసా అనే గాయని పాడిన ‘గురెంగే’ అనే ప్రారంభ గీతాన్ని, అర్థం తెలియకపోయినా, ఒక విద్యార్థి కంఠస్థం చేశాడంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

దీనిని సంస్కృతికి జరిగిన అపచారంగా భావించే పెద్దలు కొందరున్నారు. ఆ అభిప్రాయం సమంజసం కాదు. హార్మోనియం ఐరోపా నుండి వచ్చిన వాద్యం. అయినా తెలుగువారి భజన మండలులూ నాటక సమాజాలూ దానిని తమ సొంతం చేసుకున్నాయి. కర్ణాటక సంగీత కచేరీలో వయొలిన్ లేని లోటును నేడు ఎవరూ ఊహించలేరు. చెవికి ఇంపైన స్వరం దూరదేశం నుండి వచ్చినంత మాత్రాన నేరమవుతుందా? అసలు చిక్కు వేరొక చోట ఉంది.

యానిమే ప్రారంభ గీతం టెలివిజన్‌లో వినిపించేది సుమారు తొంభై సెకన్లు. ఆ కొద్ది వ్యవధిలోనే ప్రేక్షకుని కట్టిపడేయాలి. అందువలన ఇటువంటి పాటల్లో చాలావాటికి వేగం ఎక్కువ. స్వరాలు ఉచ్చస్థాయిలో సాగుతాయి. విద్యుత్ గిటార్ల హోరు వెన్నంటి ఉంటుంది. అద్దెకు తెచ్చిన కీబోర్డు, రెండు మైకులు, ఒక డప్పు గల కళాశాల బృందం దానిని నిలబెట్టగలదా? నిలబెట్టలేనప్పుడు ఏం జరుగుతుందో అందరికీ తెలిసినదే. వెనుక నుండి రికార్డు చేసిన పాట మోగుతుంది. ముందు నిలిచినవారు పెదవులు కదుపుతారు. సినిమా పాటల విషయంలోనూ తరచుగా జరుగుతున్నది ఇదే కనుక నిందను జపాన్ పాట మీదకు నెట్టడం న్యాయం కాదు.

అంతకన్న ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. పాటను ఎంపిక చేస్తున్నది ఎవరు?

సాధారణంగా ఎంపిక సాయంత్రం వేళ, తరగతులు ముగిసిన తరువాత జరుగుతుంది. పట్టణంలో ఇల్లున్న విద్యార్థులు తీరికగా కూర్చుని ఒకరి ఫోన్‌లోని పాటలు ఒకరికి వినిపించుకుంటారు. ఎల్లారెడ్డి వైపు నుండి లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డికి వచ్చే విద్యార్థిని అప్పటికే బస్సు కోసం బయలుదేరి ఉంటుంది. అమ్మమ్మ నోట విన్న నాటు పాటలు ఆమెకు అరడజను వచ్చి ఉండవచ్చు. బతుకమ్మ చుట్టూ పదిమంది తిరుగుతుండగా తడుముకోకుండా పాట ఎత్తుకోగల గొంతు ఆమెది కావచ్చు. కాని మరునాడు ఎవరైనా అడిగితే, “నాకు పాటలు రావు” అంటుంది. ఆమె అబద్ధమాడడం లేదు. ఇంట్లో విన్నవి పాటల లెక్కలోకి వస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతకు ఇంతకన్న విచారకరమైన ఉదాహరణ ఉండదు.

ఆ పెరటి చెట్టు సామాన్యమైనది కాదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఎల్లారెడ్డికి చేరువలోనే, మంజీర నది మీద ఉంది. ఆ కాలువల కింది వరి పొలాల్లో స్త్రీలు వరుసగా వంగి నాట్లు వేస్తూ పాడిన పాటలకు ఒక చక్కని పద్ధతి ఉంది. ఒకరు పాట చెబుతారు, తక్కినవారు అందుకుంటారు. చెప్పే గొంతు అలసిపోతే మరొక గొంతు ముందుకు వస్తుంది. సంగీత బృందానికి ఇంతకన్న అనువైన కూర్పు ఏముంటుంది? బతుకమ్మ పాటకు చప్పట్లూ అడుగులే తాళం. డప్పు దరువుల సంగతి చెప్పనే అక్కరలేదు. 2016లో కామారెడ్డి ప్రత్యేక జిల్లా కాకముందు ఈ ప్రాంతమంతా నిజామాబాద్ జిల్లాలో భాగం. చిందు యక్షగానంలో పురుష పాత్రలను సైతం ధరించి మెప్పించిన చిందు ఎల్లమ్మ ఆ జిల్లా కళాకారిణియే. ఆమె 2005లో మరణించారు. అదే కళకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. బిరుదు వచ్చిన తరువాత గాని ఊరి కళ వైపు తలెత్తి చూడకపోవడం కొంత సిగ్గుపడవలసిన విషయమే.

పొలంలో కూడా పరిస్థితి మారింది. నాట్లు వేసే యంత్రాలు వచ్చాయి. ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కూలీలు అనేక చోట్ల ఆ పని చేస్తున్నారు. పని మారినప్పుడు పాట నిలువనీడ కోల్పోతుంది. దానికి మరొక చోటు చూపవలసిన సమయం వచ్చింది.

చిత్రమేమిటంటే, ఈ విషయంలో దారి చూపగల దేశం జపానే. అక్కడి పాఠశాలలు ఏటా సంస్కృతి ఉత్సవాలు జరుపుకుంటాయి. విద్యార్థి బృందాలు గిటార్లు పట్టుకుని వేదిక ఎక్కుతాయి. 2009లో వచ్చిన ‘కే-ఆన్!’ అనే యానిమే ధారావాహిక అటువంటి బాలికల బృందం కథే. అయితే జపాన్ బడులలో మరొక పాట కూడా మారుమోగుతుంది. దాని పేరు ‘సోరన్ బుషి’. అది ఉత్తరాన ఉన్న హొక్కైడో ద్వీపంలో హెర్రింగ్ చేపలు పట్టే జాలరులు వలలు లాగుతూ పాడుకున్న శ్రమగీతం. 1990 దశకంలో ఆ ద్వీపపు కొసన ఉన్న వక్కనై పట్టణంలోని ఒక మాధ్యమిక పాఠశాల విద్యార్థులు దానికి కొత్త రీతిలో నృత్యం చేశారు. ఇతో తకియో అనే గాయకుడు రాక్ సంగీతపు హోరుతో పాడిన సోరన్ బుషి వారికి ఆధారమయింది. క్రమంగా ఆ నృత్యం దేశమంతటి బడులకూ పాకింది. వల లాగే పాటకు గిటారు తోడైనప్పుడు నాటు పాటకు కీబోర్డు తోడు కాకూడదా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అద్దె దుస్తులు తొడిగి, డీజే హోరులో రికార్డు వేసి, దానికి ‘జానపదం’ అని పేరు పెడితే అది పెదవులు కదిపిన యానిమే పాటకన్న మేలైనదేమీ కాదు. బతుకమ్మ పాటలు ఆ తొమ్మిది రోజులకే చెందినవనీ, మాఘమాసంలో పాడరాదనీ ఇంట్లో పెద్దలు అనవచ్చు. అటువంటప్పుడు వారినే అడిగి మరొక పాట నేర్చుకోవడం మర్యాద. అడిగితే సంతోషించని అవ్వ ఏ ఊళ్ళోనూ ఉండదు.

జపాన్ పాటను పట్టిక నుండి తొలగించనక్కరలేదు. బృందానికి పది పన్నెండు నిమిషాలు దొరికితే రెండు మూడు పాటలకు చోటుంటుంది. ఒకటి ఊరి పాట, ఒకటి యానిమే పాట కావచ్చు. అయితే జపాన్ పాటకు ముందు ఒక విద్యార్థి నిలబడి అందులోని కథనూ భావాన్నీ అరనిమిషం తెలుగులో చెప్పాలి. ఎందుకంటే ఎదుట కుర్చీలలో ఉన్నవారు తోటి విద్యార్థులు మాత్రమే కారు. బీడీల గంప పక్కన పెట్టి, ఒక పూట కూలి వదులుకుని వచ్చిన తల్లి అక్కడ ఉంటుంది. గల్ఫ్ దేశంలో పని ముగించుకున్న తండ్రి ఆ రాత్రి ఫోన్‌లో అదే పాటను చూస్తాడు. వారికి ఒక్క మాటైనా అర్థం కావాలి కదా.

ఇక సాధన విషయం. అది మధ్యాహ్న భోజన విరామంలో జరగాలి. ఎల్లారెడ్డి బస్సు బయలుదేరిన తరువాత ఎంత బాగా సాధన చేసినా, మొదటి గొంతు అక్కడ ఉండదు.